పదకొండో సీటులో కూర్చునేవాడికి

చి॥ కార్తీక్‌కి, మామయ్య ఆశీస్సులు.

మీ అట్లాంటా ఆఫీసు వాళ్ళ ఫాంటసీ బేస్‌బాల్ లీగ్‌లో చేరావట, అదే, నిజం ఆటగాళ్ళతో కాగితం మీద జట్టు కట్టుకుని వాళ్ళ ఆట లెక్కలతో పోటీ పడేది. ఆదివారం సాయంత్రం డ్రాఫ్ట్ అట, అంటే ఆటగాళ్ళని వంతుల వారీగా ఏరుకోవడం. పన్నెండు మంది, ఒక్కొక్కరికి 23 మంది ఆటగాళ్ళు, ఏరుకునే వరసలో నీకు పదకొండో పిక్ (వంతు) వచ్చిందని తెగ బాధపడ్డావు. ఆ వెంటనే "ఐపీఎల్‌కి రోజూ టీమ్ పెట్టినవాణ్ణి, ఇదెంత మామయ్యా" అన్నావు. నీకు రాయాలనిపించింది ఆ మాటకేరా.

ఐపీఎల్ టీమ్‌లో కోహ్లీని నువ్వూ పెట్టుకోవచ్చు, నీ పక్కవాడూ పెట్టుకోవచ్చు. ఇక్కడ ఒకణ్ణి ఎవరైనా తీసుకున్నారంటే మిగతా పదకొండు మందికీ వాడు లేనట్టే. పైగా రాత్రికి తేలిపోయే వ్యవహారం కాదు. ఒక్కో జట్టుకి 162 మ్యాచ్‌లు, మార్చి చివర నుంచి సెప్టెంబరు చివరి దాకా అదే సంసారం.

దీనికి దగ్గర చుట్టం మన పదమూడు ముక్కలాట. సంక్రాంతికి తాతయ్య అరుగు మీద దుప్పటి పరిచి ఆడేవారు, గుర్తుందా? తన ముక్కలు ఒక్కసారి సర్దుకుని, ఇక కళ్ళన్నీ పక్కవాడు ఏం ఎత్తాడు, ఏం పారేశాడన్న దాని మీదే. నీకూ ఆ చూపే కావాలి.

ఈ ఆటని 1980లో న్యూయార్క్‌లో డేనియల్ ఓక్రెంట్, ఆయన మిత్రులు మొదలుపెట్టినప్పుడు అది వేలంపాట. డబ్బుంటే ఎవరినైనా పాడుకోవచ్చు. మీది వంతుల పద్ధతి, పన్నెండో వాడి దగ్గరికి వెళ్ళి పాములా వెనక్కి తిరుగుతుంది. అందుకని నీ పిక్‌లు 11, 14, 35, 38, 59, 62... ఈ అంకెలు ఒక కాగితం మీద రాసుకుని కాసేపు చూడు. 11కీ 14కీ మధ్య ఉన్నవి రెండే పిక్‌లు, ఆ రెండూ పన్నెండో సీటువాడివే. అంటే ఆ చిన్న సందులో నువ్వు కనిపెట్టాల్సింది ఒకే ఒక్క మనిషిని. నీకు ఒక షార్ట్‌స్టాపూ (రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డరు), ఒక క్లోజరూ (చివర్లో వచ్చి గెలుపు నిలబెట్టే పిచర్, మన బౌలర్ లాంటివాడు) కావాలనుకో. వాడు అప్పటికే ఇద్దరు క్లోజర్లను పట్టుకుని, షార్ట్‌స్టాప్ లేకుండా ఉన్నాడా? ముందు షార్ట్‌స్టాప్‌ని తీసెయ్యి. క్లోజర్ చాలావరకు నీ కోసమే కూర్చుని ఉంటాడు. నీ జాబితాలో క్లోజర్ పేరు పైన ఉన్నా సరే, ఇలాగే చెయ్యి.

14కీ 35కీ మధ్య సంగతి వేరు. ఇరవై మంది వెళ్ళిపోతారు. అక్కడ "వచ్చే రౌండ్‌లో చూద్దాం" అన్న మాట పనికిరాదు. క్యాచర్లు (మన వికెట్ కీపర్ల లాంటివాళ్ళు) ఒకరి వెనక ఒకరు పోవడం మొదలయ్యాక నువ్వు చివర్లో పరిగెత్తితే మిగిలేది చెత్త. నచ్చినవాడుంటే ఒక రౌండ్ ముందే తీసుకో, నవ్వితే నవ్వనీ. ఇంకో మాట, అట్లాంటాలో మీ ఊరి జట్టు బ్రేవ్స్ ఆటగాళ్ళు మామూలు కంటే ముందే పోతారు. ఇక్కడ న్యూజెర్సీ ఎడిసన్‌లో మా వాళ్ళు న్యూయార్క్ జట్లు యాంకీలు, మెట్స్ ఆటగాళ్ళ కోసం అలాగే కొట్టుకుంటారు. ఆ మోజు వల్ల వేరే ఊరివాళ్ళు నీ దాకా జారుకుంటూ వస్తారు, వాళ్ళని అందుకో.

ఇక ఎవరిని తీసుకోవాలన్నది. మీ లీగ్‌లో బ్యాటింగ్‌కి ఐదు లెక్కలు, పిచింగ్‌కి ఐదు, ఒక్కో లెక్కలో పన్నెండు మందికీ విడిగా స్థానాలు. 2023లో కైల్ ష్వార్బర్ 47 హోమ్ రన్‌లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టాడు, సగటు మాత్రం .197, అంటే వెయ్యి అవకాశాలకి 197 హిట్ల లెక్క. అదే ఏడు లూయిస్ అరేజ్ .354 సగటుతో నేషనల్ లీగ్‌లో మొదటివాడు, హోమ్ రన్‌లు పదే. ఇద్దరిలో ఎవరు గొప్ప అని అడగకు. అప్పటికి నీ చేతిలో ఏముందో చూసుకో.

ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. 2024లో నాకు మొదటి పిక్ వచ్చింది, రోనాల్డ్ అకూన్యాని తీసుకున్నాను. అంతకు ముందు ఏడాది 41 హోమ్ రన్‌లు, 73 స్టీల్స్ (పిచర్ కన్నుగప్పి తర్వాతి బేస్‌కి పరుగెత్తడం) చేసినవాడు, ఎవరైనా తీసుకుంటారు. తప్పు అక్కడ జరగలేదు. స్టీల్స్ సంగతి వీడే చూసుకుంటాడని ఆ తర్వాత ప్రతి రౌండ్‌లోనూ కాళ్ళు కదపని బండ కొట్టుడుగాళ్ళనే ఏరుకున్నాను. మే 26న పిట్స్‌బర్గ్‌లో మొదటి ఇన్నింగ్స్‌లోనే, మూడో బేస్ వైపు అడుగేసి వెనక్కి తిరగబోతూ ఎడమ మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. 49 మ్యాచ్‌లతో సరి. నేను సోఫాలో టీ గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాను. మీ అత్త ఇండియా నుంచి ఏదో కబురొచ్చిందనుకుని హడలిపోయింది. సెప్టెంబరు వచ్చేసరికి స్టీల్స్‌లో నాది పన్నెండో స్థానం.

అంటే పరుగెత్తేవాళ్ళ మీద పడిపొమ్మని కాదు. 2023లో బేస్‌లు పెద్దవి చేసి, పిచర్ బేస్ వైపు విసిరే విసుర్లకి హద్దు పెట్టాక స్టీల్స్ మొత్తం 2,486 నుంచి 3,503కి ఎగబాకాయి. ఒకప్పుడు ముప్ఫై స్టీల్స్ అంటే బంగారం, ఇప్పుడు అంత కాదు. నలుగురైదుగురి మధ్య పంచుకుంటే చాలు.

పిచర్లకి మోచెయ్యి ఎప్పుడు పోతుందో తెలియదు, మొదటి రెండు పిక్‌లూ వాళ్ళకే పెట్టకు. అంతకు మించి చెప్పలేను, నేనూ అక్కడ గుడ్డివాణ్ణే.

పిక్‌కి తొంభై సెకన్లే ఇస్తారన్నావు. అవి ఆలోచించుకోవడానికి చాలవు, నొక్కడానికే. నీ వంతుకి మూడు పిక్‌ల ముందే ఆరు పేర్లు సిద్ధంగా ఉంచుకో. ఫోన్లో కాదు, ల్యాప్‌టాప్‌లో ఆడు. ఒకసారి నేను డ్రాఫ్ట్ మధ్యలో ఉగాది పచ్చడికి వేపపువ్వు తెమ్మంటే ఇండియన్ స్టోర్‌కి పరిగెత్తాను. బిల్లింగ్ దగ్గర నిలబడి నొక్కబోయేలోగా టైమైపోయి, అప్పటికే మోచేతి ఆపరేషన్ అయి ఏడాదంతా ఆడని పిచర్‌ని ఆ సైటే నాకు అంటగట్టింది. వేపపువ్వు కూడా దొరకలేదు.

మీ పన్నెండో సీటువాడు ఎవరు, కిందటేడు ఎవరెవరిని తీసుకున్నాడు, ఏ జట్టు అభిమాని? కనుక్కుని శనివారం రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ చెయ్యి. వాడి గురించే మాట్లాడుకుందాం.

మామయ్య