నల్ల బానెట్ మీద ఎండ పడితే

ప్రశ్న: అన్నా, పోయిన సంవత్సరం సెకండ్‌హ్యాండ్‌లో నల్ల కారు కొన్నాను. పొద్దున నీడలో చూస్తే అద్దంలా ఉంటుంది. పది దాటి ఎండ పడిందంటే చాలు, బానెట్ మీదా డిక్కీ మీదా సాలెగూడు అల్లినట్టు గుండ్రంగా సన్న గీతలు. ఒక షాపులో అడిగితే మెషిన్ పాలిష్‌కి ఎనిమిది వేలన్నారు. మా ఫ్రెండేమో ఆ డబ్బుతో మెషినే వస్తుంది, ఇంట్లోనే చేసుకుందాం అంటున్నాడు. చేసుకోవచ్చా? పెయింట్ లేచిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఇంకో సంగతి, కారు రోజూ తుడిపిస్తాను, మీద దుమ్ము ఉండనివ్వను. అయినా ఇట్లెందుకైంది?
- ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: రోజూ తుడిపిస్తున్నారు కాబట్టే అయింది. కోప్పడకండి, అన్నా అన్నారు కాబట్టి ఉన్నమాట చెప్తున్నా. మన అనంతపురం గాలి సంగతి మీకు నేను చెప్పాలా, రాత్రి తుడిచి పెడితే తెల్లారేసరికి బానెట్ మీద వేలితో పేరు రాయొచ్చు. ఆ దుమ్ములో ఉండేది మెత్తటి మట్టి ఒక్కటే కాదు, కంటికి కనపడని ఇసుక కూడా. దాని మీద పొడిగుడ్డ వేసి గుండ్రంగా తిప్పితే గుడ్డ కాస్తా గరుకు కాగితమైపోతుంది. పైగా ఆ గుడ్డ నిన్న తుడిచిందే, డిక్కీలో స్పేర్ టైరు పక్కన పడేసిందే.

ఇంట్లో ఒక స్టీలు పళ్లెం తీసి బల్బు కింద పట్టుకుని చూడండి. బల్బు వెలుగు చుట్టూ రింగులు రింగులుగా గీతలు కనిపిస్తాయి. పళ్లేన్ని పక్కకి జరపండి, రింగులు పళ్లెంతోపాటు జరగవు, బల్బు వెలుగు చుట్టూనే ఉంటాయి. అంటే గీతలు నిజంగా గుండ్రంగా లేవు, పీచుతో తోమినప్పుడు అన్ని వైపులకీ పడ్డాయి, వాటిలో వెలుగుకి అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరిసి మన కంటికి గుండ్రంగా తోస్తున్నాయి. మీ బానెట్ మీద జరిగేదీ ఇదే. తెల్ల కారుకీ ఇన్ని గీతలూ ఉంటాయి, తెలుపు మీద తెల్లటి మెరుపు కనపడదు, నలుపు మీద దాగదు. అంతే తేడా.

ఇక పెయింట్ లేచిపోతుందా అన్న భయం. ఆ భయం ఉండటం మంచిదే. రంగు పైన క్లియర్ కోట్ అని పారదర్శకంగా ఒక పొర ఉంటుంది, ఎక్కువ కార్లకి దాని మందం 40-50 మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. మన తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది, దానికంటే పల్చన అన్నమాట. గీతలున్నది ఈ పొరలోనే. పాలిష్ అంటే గీతల్ని పూడ్చడం కాదు, చుట్టూ ఉన్న పొరని గీత అడుగుదాకా అరగదీసి సమం చేయడం. తాడిపత్రిలో బండల పాలిష్ చూసుంటారు కదా, గరుకు రాయితో మొదలుపెట్టి సన్నరాయికి వస్తారు, పని అదే. కాకపోతే బండ ఇంకా అంగుళం మందం మిగిలి ఉంటుంది, ఇక్కడ అరిగింది మళ్లీ రాదు. ఒక మామూలు పాలిష్‌కి ఒకటి నుంచి మూడు మైక్రాన్లు పోతాయనుకోండి, అంటే రెండు మూడుసార్లకి ప్రాణం మీదికి రాదు గానీ ప్రతి పండక్కీ చేసే పని మాత్రం కాదు.

మెషిన్ విషయంలో నాదొక పాత బాకీ ఉంది, చెప్పాలి. చాలా ఏళ్ల కింద మా బావ నల్ల కారుని నేనే మెరిపిస్తానని కోతలు కోసి, తెలిసినవాళ్ల దగ్గర రోటరీ అరువు తెచ్చాను. అదే, గ్రైండర్‌లాగా ఒకే ఇరుసు మీద గిర్రున తిరిగేది. బానెట్ మధ్యలో బ్రహ్మాండంగా వచ్చింది. ఆ ఊపులో బాడీ లైన్ మీదికి, ఆ మడత ఉంటుంది చూడండి, అక్కడికి పోయి రెండు క్షణాలు ఎక్కువ ఆగాను. మెషిన్ ఎత్తి చూస్తే తెల్లటి ప్యాడ్ మీద నల్లటి మరక, బానెట్ మీద బొటనవేలంత మసక. ప్యాడ్‌కి రంగు అంటుకుందంటే క్లియర్ కోట్ దాటి రంగులోకి దిగినట్టే. మడతల మీదా అంచుల మీదా పొర మామూలుగానే పల్చగా ఉంటుంది, అక్కడ రోటరీ వేడి తోడైతే క్షణాల పని. బానెట్ మొత్తానికి మళ్లీ పెయింట్ వేయించి ఇచ్చాను. మా అక్క ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

అందుకని మీరు కొనేది డ్యూయల్ యాక్షన్ మెషినే అయ్యుండాలి, షాపులో డీఏ అని అడగండి. దాని ప్యాడ్ తిరుగుతూ ఊగుతుంది కూడా, గట్టిగా నొక్కితే తిరగడం ఆగిపోతుంది, వేడి ఒకేచోట చేరదు. కొత్తవాళ్ల చేతుల్లో కారుకి అంతకంటే రక్షణ లేదు. అయినా మొదటిసారి మీ కారు మీద చేయకండి. మెకానిక్ షెడ్డు వెనకాల పాత డోరో బానెట్టో పడేసి ఉంటుంది, అడిగి తెచ్చుకుని ఒక సాయంత్రం దాని మీద చేయి అలవాటు చేసుకోండి.

సెకండ్‌హ్యాండ్ కారు అన్నారు, ఇక్కడొక మెలిక ఉంది. ఎక్కడైనా రీపెయింట్ చేశారేమో మీకు తెలీదు. పెయింట్ మందం కొలిచే చిన్న మీటర్ డీటెయిలింగ్ షాపుల్లో, అదే కార్లు శుభ్రం చేసి పాలిష్ పెట్టేచోట, ఉంటుంది, ఒకసారి పెట్టి చూడమనండి. కంపెనీ పెయింట్ మొత్తం పొరలన్నీ కలిపి సుమారు 100-150 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. ఒక్క ప్యానెల్ మీదే 200 దాటితే అది మళ్లీ వేసిందని అర్థం, ఏ మాదిరి పనో తెలీదు కాబట్టి అక్కడ చేయి తేలిగ్గా పెట్టాలి. ప్లాస్టిక్ బంపర్ మీద ఈ మీటర్ పనిచేయదు, అక్కడ అసలే వేడి తొందరగా పుడుతుంది, జాగ్రత్త.

ఇక పని. ముందు బాగా కడగాలి, ఆ తర్వాత పల్చటి ప్లాస్టిక్ కవర్‌లో చేయి పెట్టి బానెట్ మీద నెమ్మదిగా రాయండి. ఉత్తచేతికి నున్నగా అనిపించింది కవర్లోంచి ఇసుక చల్లినట్టు తగులుతుంది. అది పెయింట్‌లో దిగబడిన మురికి, దాన్ని క్లే బార్‌తో, అంటే మురికిని లాగేసే మెత్తటి ముద్దతో, దాంతో వచ్చే జారుడు ద్రవం ధారాళంగా చల్లి తీయాలి. క్లే కింద పడిందా, ఎంత ఖరీదైనా పారేయండి, కడిగి వాడదామనుకోవద్దు. రబ్బరు బీడింగులకీ నల్ల ప్లాస్టిక్‌కీ అంచులకీ మాస్కింగ్ టేప్ వేయండి. పాలిష్ పడి ఎండితే ప్లాస్టిక్ మీద తెల్లటి చార మిగులుతుంది, అది వదిలించడం పాలిష్ కంటే పెద్ద పని.

ఎండలో చేయొద్దు. మన ఎండకి నల్ల బానెట్ మీద అట్టు కాలుతుంది, పాలిష్ మందు నిమిషంలో ఎండి పొడైపోతుంది. ఎండాకాలమైతే పొద్దున ఎనిమిదిలోపు, లేదా రాత్రి షెడ్డులో. రేకు చల్లబడిందా లేదా అని చేత్తో ముట్టి చూసుకుని మొదలుపెట్టండి.

మొదట మెత్తటి ఫోమ్ ప్యాడ్, సన్న పాలిష్. రబ్బింగ్ కాంపౌండ్, అంటే ఎక్కువగా అరగదీసే గరుకు మందు, దాని జోలికి ముందే పోవద్దు, తక్కువ కోతతో పనైతే ఎక్కువ ఎందుకు? రెండడుగుల చదరం ఎంచుకోండి. ప్యాడ్ మీద శనగ గింజంత బొట్లు నాలుగు పెట్టి, ప్యాడ్‌ని రేకు మీద ఆనించాకే స్విచ్ వేయండి, లేకపోతే మందంతా గోడకీ మీ చొక్కాకీ పూత. ఒకటో స్పీడులో పరిచి, తర్వాత నాలుగు, ఐదుకి పెంచి, చేయి మాత్రం సెకనుకి అంగుళం చొప్పున కదలాలి. అందరూ తప్పేది ఇక్కడే, నేల తుడిచినట్టు అటూ ఇటూ పరిగెత్తిస్తారు. ఒక వరస మీద సగం ఎక్కేలా పక్క వరస, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, మూడు నాలుగు సార్లు. ప్యాడ్ వెనక ప్లేటు అంచున మార్కర్‌తో ఒక గీత పెట్టుకోండి, గీత తిరుగుతూ కనపడితే ఒత్తిడి సరిపోయింది, ఆగిందంటే మీరు మెషిన్ మీద పడుకున్నారు.

తుడిచి, 10-15 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీళ్లు చల్లి మళ్లీ తుడిచి, ఫోన్ టార్చి వేసి చూడండి. ఈ ఆల్కహాల్ మెట్టు దాటేయకండి, పాలిష్‌లోని నూనె గీతల్లో నిండి, గీతలు పోయాయని భ్రమ పుట్టిస్తుంది, నాలుగుసార్లు కడిగేసరికి మళ్లీ బయటపడతాయి. ఆ చదరంలో ఫలితం నచ్చితే అదే పద్ధతి కారంతా. నచ్చకపోతే అప్పుడు కాస్త గట్టి ప్యాడ్. గోరు పెట్టి గీస్తే గోరు తట్టుకునే గీతల్ని మాత్రం వదిలేయండి, అవి పోవాలంటే పొర మిగలదు. నన్నడిగితే నూటికి ఎనభై పోతే చాలు, తక్కిన ఇరవై కోసం పట్టుపట్టే నేను బాడీ లైన్ కాల్చింది.

చివర్న పైన రక్షణ పూతగా వ్యాక్సో సీలెంటో. అది మన ఎండలకి రెండు మూడు నెలలు నిలిస్తే గొప్ప. మొత్తం కారుకి ఇద్దరు మనుషులకి శని, ఆదివారాలు రెండూ పోతాయి. ఓపిక లేదనుకుంటే ఆ ఎనిమిది వేలు ఇచ్చేయండి, తప్పేం లేదు, కాకపోతే వాళ్లు ఏ మెషిన్ వాడతారో చూసి ఇవ్వండి.

అయితే ఎవరు చేసినా, ఆ పొడిగుడ్డ మానకపోతే పదిహేను రోజుల్లో మళ్లీ నాకు ఉత్తరం రాస్తారు. దుమ్ము ఉంటే ఉండనివ్వండి, అది దానంతటది గీయదు. వారానికోసారి ముందు నీళ్లు పోసి దుమ్ము జారనిచ్చి, రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకదాంట్లో కారు షాంపూ, ఇంకోదాంట్లో మిట్, అదే చేతికి తొడుక్కుని కారు కడిగే మెత్తటి తొడుగు, జాడించే ఉత్త నీళ్లు. పైనుంచి కిందికి. నీళ్ల ట్యాంకర్ కోసం ఎదురుచూసే ఏరియా అయితే రిన్స్‌లెస్ వాష్ అని దొరుకుతుంది, ఒక్క బకెట్‌తో అయిపోతుంది, మళ్లీ కడగక్కర్లేదు. మీ దగ్గర తుడిచే అబ్బాయికి మంచి మైక్రోఫైబర్ గుడ్డలు కొనివ్వండి, కింద పడిన గుడ్డ మళ్లీ బండికి ఆనించొద్దని చెప్పండి. పాత పసుపు గుడ్డ మాత్రం మీరే దగ్గరుండి పారేయండి, లేకపోతే అది ఎక్కణ్ణుంచో మళ్లీ తేలుతుంది.

ప్రశ్న: మాది బోరు నీళ్లు. కడిగిన ప్రతిసారీ కారు మీద తెల్లటి చుక్కలు. పాలిష్ చేస్తే పోతాయా?
- ఒక పాఠకురాలు, కడప

జవాబు: పాలిష్ దాకా పోవద్దమ్మా. ఉప్పు నీళ్లు ఆరితే మిగిలే సున్నం అది, మీ స్నానాల గదిలో కుళాయి మీద పేరుకునేదే. తెల్ల వెనిగర్, నీళ్లు సమంగా కలిపి, నీడలో, చల్లటి రేకు మీద మైక్రోఫైబర్‌తో తడిపి ఒక నిమిషం ఉంచి, ఆరకముందే కడిగేయండి. కొత్త చుక్కలు పోతాయి. నెలల తరబడి ఎండలో మాడినవి పెయింట్‌లోకి గుంట చేసి ఉంటాయి, వాటికి మాత్రం పైన చెప్పిన పాలిషే గతి. ఇకముందు కడిగిన వెంటనే ఆరబెట్టండి, పెద్ద టవల్ పరిచి మెల్లగా లాగితే చాలు, రుద్దక్కర్లేదు.

ప్రశ్న: కొబ్బరినూనెలో డీజిల్ కలిపి తుడిస్తే నల్ల కారు కొత్తదానిలా అవుతుందని మా డ్రైవర్ అంటాడు. టూత్‌పేస్ట్ కూడా పనిచేస్తుందట. నిజమేనా?
- ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మెరుస్తుంది, మీ డ్రైవర్ అబద్ధం చెప్పలేదు. గీతల్లో జిడ్డు నిండి కాసేపు కనపడవు. తెల్లారేసరికి కర్నూలు దుమ్మంతా ఆ జిడ్డుకి అంటుకుంటుంది, దాన్ని మళ్లీ తుడుస్తారు, కొత్త గీతలు. డీజిల్ రబ్బరుకీ మంచిది కాదు. టూత్‌పేస్ట్‌లోనూ అరగదీసే పొడి ఉంటుంది, కానీ అది పంటికోసం చేసింది, నల్ల రంగు మీద మసక మిగిల్చే అవకాశమే ఎక్కువ. డోర్ హ్యాండిల్ వెనక గోళ్ల గీతలుంటాయి కదా, మెషిన్ దూరదక్కడ, వాటికి సన్న పాలిష్ వేలికి చుట్టిన గుడ్డతో చేత్తోనే రుద్దండి, బాగానే తగ్గుతాయి.

ప్రశ్న: మ్యాట్ బ్లాక్ బండికి కూడా ఇదే పద్ధతా?
- ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: వద్దు. మ్యాట్ మీద పాలిష్ చేస్తే చేసినచోట మెరుపు మచ్చ పడుతుంది, దాన్ని మళ్లీ మ్యాట్ చేయలేరు. కడగడం ఒక్కటే, అది కూడా మ్యాట్ షాంపూతో.

ప్రశ్న: ఆయుధ పూజకి పెట్టిన గంధం, కుంకుమ బానెట్ మీద ఎండి పట్టేశాయి. గోకితే గీతలు పడుతున్నాయి.
- ఒక పాఠకురాలు, ఆదోని

జవాబు: గోకకండి. గుడ్డని షాంపూ నీళ్లలో ముంచి, పిండకుండా దాని మీద పరిచి పది నిమిషాలు వదిలేయండి, నాని అదే జారుతుంది. మరక లేతగా మిగిలితే ఇంకోసారి. వచ్చే ఏడు బొట్లు ముందు అద్దానికీ నంబర్ ప్లేటుకీ పెట్టుకోండి, నిమ్మకాయలెలాగూ టైర్ల కిందికే. ఇంట్లో పెద్దవాళ్లు బానెట్ మీదే పెట్టాలంటే పెట్టనివ్వండి, ఆ సాయంత్రమే తడిగుడ్డ పరిచేయండి.