తోడి రాగం నేర్చుకోబోతున్న నీకు

చిరంజీవి అమ్మడికి, పెద్దమ్మ ఆశీస్సులు.

మీరంతా అభిమానించే ఆ కర్ణాటక సంగీత గాయని పాఠం చెప్పే వర్క్‌షాపులో మీ ఆరుగురికీ సీట్లు దొరికాయని నువ్వు చెప్పినప్పుడు నీ గొంతులో సంతోషం ఫోన్లోనే తెలిసిపోయింది. ఆవిడ పాట వినందే నీకు రోజు గడవదని నాకు తెలుసు. అంత ఇష్టం ఉన్నచోటే ఒక చిక్కుంది, అందుకే ఈ ఉత్తరం. కచేరీలో మనం ఆవిణ్ణి వింటాం. వర్క్‌షాపులో ఆవిడ పలికే స్వరాన్ని వినాలి.

నేనూ ఒకప్పుడు ఇలాగే నలుగురు స్నేహితురాళ్లతో కలిసి, మేమంతా ప్రాణం పెట్టుకున్న ఒక విద్వాంసుడి దగ్గరికి వెళ్లాను. ముందు వరసలో కూర్చున్నాం. ఆయన ఒక సంగతి, అంటే అదే పాదాన్ని కొత్త వంపుతో, పాడి ముగించేలోపే "భళా" అన్నాం. ఆయన నవ్వి మళ్లీ పాడారు. మేము మళ్లీ అన్నాం. ఇంటికొచ్చి ఆ సంగతి ఏ స్వరం మీద వాలిందో గుర్తు చేసుకోబోతే ఒక్కరికీ రాలేదు. ముగింపంతా మా కేకల్లో కలిసిపోయింది. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. మీ ఆరుగురూ ఒకేచోట కూర్చోకండి, విడివిడిగా కూర్చోండి. పక్కన స్నేహితురాలు ఉంటే కళ్లు కళ్లు కలుస్తాయి, చెవి పక్కకి పోతుంది.

చెప్పబోయేది త్యాగరాజస్వామి తోడి కృతి అన్నావు. సాహిత్యం ముందే నీ చేత్తో రాసుకో, పదాలు విడగొట్టుకుని అర్థం తెలుసుకో. మన భాషే కదా అని వదిలేయకు, పాడుతూ పాడుతూ మనమే పదాన్ని నడిమికి విరిచేస్తాం. తర్వాత తాళం వేస్తూ ఆ సాహిత్యాన్ని రాగం లేకుండా చదువు. ఆదితాళమైతే 8 అక్షరాలు, తాళంలో మొదటి భాగమైన లఘువుకి నాలుగు, తర్వాతి భాగాలైన రెండు ద్రుతాలకి రెండేసి. పాట ఎత్తుగడ సమంలోనే, అంటే తాళం మొదటి దెబ్బ మీదే ఉందా, అర అక్షరం ఆగి ఉందా అన్నది చేతికి అలవాటైపోవాలి. అక్కడికి వెళ్లాక చేయి తాళం కోసం తడుముకుంటుంటే చెవి పని చేయదు.

ఇక తోడి రాగం గురించి. మూలరాగాల వరసలో ఎనిమిదో మేళం అనీ ఏడు స్వరాలూ ఉన్నాయనీ నీకు తెలుసు. పుస్తకంలో 'గ' అని ఒక్క అక్షరం ఉంటుంది. పాటలో ఆ గాంధారం నిలబడదు, రిషభం నుంచి మధ్యమం దాకా ఊగుతుంది. ఆ ఊపు ఎంత నెమ్మదిగా మొదలవుతుంది, ఎక్కడ బరువు పడుతుంది, పైకి వెళ్లేటప్పుడు ఒకలా, కిందికి దిగేటప్పుడు ఇంకొకలా ఉందా? రికార్డుల్లో ఇది చటుక్కున దాటిపోతుంది. వర్క్‌షాపులో ఆవిడ ఒక్కొక్క పదం ఆపి, విడదీసి, పదిసార్లు పాడతారు. నువ్వు వెళ్తున్నది ఆ పదిసార్ల కోసమే అనుకో. మొదటి రెండుసార్లు నోరు విప్పకు, పెన్ను కూడా ముట్టుకోకు. మూడోసారి లోలోపల పాడుకో. అప్పుడు కాగితం మీద ఆ 'గ' పక్కన ఊపు ఎలా ఉందో గీత గీసుకో. నీకు అర్థమైతే చాలు, ఇంకొకరికి అర్థం కానక్కరలేదు.

త్యాగరాజస్వామి పంచరత్న కృతుల్లో వరాళి రాగంలో ఉన్న దాని గురించి ఒక నమ్మకం వినే ఉంటావు, నేరుగా పాఠం చెప్తే గురుశిష్యుల మధ్య చెడుతుందని. అందుకే చాలామంది దాన్ని విని పట్టుకున్నారు. నమ్మకం మాట ఎలా ఉన్నా, అలా చెవితో పట్టిన పాట ఎంత గట్టిగా నిలిచిందో చూడు.

అందరిచేతా పాడించేటప్పుడు శ్రుతి ఆవిడది ఉంటుంది. ఆవిడ ఐదు శ్రుతిలో, అంటే ఎత్తు స్థాయిలో పాడితే, కింది శ్రుతులైన ఒకటి, ఒకటిన్నరలో పాడే మీ కుర్రాళ్లకి అది కష్టం. అందనప్పుడు అరవకుండా నోరు మూసుకుని తాళం వేయమని చెప్పు. నీకు శ్రుతి కలిసినా ఆవిడ గొంతు తెచ్చుకోకు. ఆవిడ నవ్వు, నాసిక, పదం చివర ఆ చిన్న విరుపు, ఇవన్నీ నీకు కంఠతా వచ్చని తెలుసు. ఒక్కదాన్నే పాడమన్నప్పుడు అవి దాచుకుని నీ గొంతుతో పాడితేనే ఆవిడకి నీలో తప్పు వినిపిస్తుంది. దిద్దితే వెంటనే మళ్లీ పాడు. "మా గురువుగారు ఇలా చెప్పారండీ" అన్న మాట మాత్రం రానివ్వకు.

ఆ మాటే ఇటువైపు కూడా వర్తిస్తుంది. తిరిగొచ్చి మీ టీచరుగారితో "అసలు పాఠం ఇదట" అనకు. త్యాగరాజస్వామి కృతులు ఉమయాళ్‌పురం, తిల్లస్థానం, వాలాజాపేట అనే ఊళ్ల శిష్యుల ద్వారా వేర్వేరు దారుల్లో వచ్చాయి. ఒకే కృతికి సంగతులు, ఒక్కోసారి స్వరాలూ తేడాగా ఉంటాయి. రెండు పాఠాంతరాలూ నేర్చుకో, రెంటినీ కలిపి మూడోది వండకు.

ప్రశ్నలు అడగమంటే "మీకు ఇష్టమైన రాగం ఏది" అని అడగొద్దు, అలాంటి జవాబులు ఇంటర్వ్యూల్లో దొరుకుతాయి. "అనుపల్లవి రెండో సంగతిలో ధైవతం మీద ఊపిరి ఎక్కడ తీసుకున్నారు" అని అడుగు. ఆవిడ ముఖం వెలగడం నువ్వే చూస్తావు. రికార్డింగ్‌కి ముందుగా అనుమతి అడగాలి. ఒప్పుకున్నా అది మీ అభ్యాసానికే, ఎవరికీ పంపకండి. పాఠం చెప్తూ చెప్తూ అలిసిన గొంతు అది. ఫొటో ఒక్కటి చాలు, అదీ చివర్లో, అందరూ కలిసి.

అదే సాయంత్రం, రికార్డింగ్ వినకముందే, ఆరుగురూ ఒకచోట కూర్చుని గుర్తున్నంతవరకు పాడండి. ఒకరికి పల్లవి సంగతి నిలిచి ఉంటుంది, ఒకరికి చరణం ఎత్తుగడ. ఎక్కడ ఖాళీ ఉందో అక్కడికే రికార్డింగ్ పెట్టి వినండి. కలిసి వెళ్లినందుకు అసలు లాభం ఇక్కడే ఉంది.

రాత్రి ఎంత పొద్దుపోయినా ఫోన్ చెయ్యి. పాడలేనంతగా అలిసిపోతే ఆ కాగితం ఫొటో తీసి పంపు. గాంధారం పక్కన నువ్వు గీసిన గీత చూడాలి నాకు.

ప్రేమతో,
పెద్దమ్మ