మార్చి మోతలో ఏది ముందు వినాలి? మెటల్, రాక్ ప్రశ్నలకు జవాబులు

2025 మార్చిలో నాలుగు శుక్రవారాలొచ్చాయి. నాలుగూ కొత్త ఆల్బమ్‌లతో నిండిపోయాయి. ఈసారి పాఠకుల నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ వాటి చుట్టూనే ఉన్నాయి. వినే పద్ధతి గురించి, వాయించే పద్ధతి గురించి అడిగినవాటికి ఎక్కువ చోటు ఇచ్చాం.

ప్రశ్న: మార్చిలో వచ్చినవన్నీ వినే తీరిక లేదు. మూడంటే మూడు చెప్పండి. ఎక్కడ మొదలుపెట్టాలో కూడా చెప్తే మేలు. (బ్యాంకు ఉద్యోగి, గుంటూరు)

మొదటిది డెఫ్‌హెవెన్ బృందం 'లోన్లీ పీపుల్ విత్ పవర్', మార్చి 28న వచ్చింది. ఈ శాన్‌ఫ్రాన్సిస్కో బృందం 2021లో 'ఇన్ఫినిట్ గ్రానైట్'లో అరుపులు దాదాపుగా వదిలేసి మామూలు గొంతుతో పాడింది. పాత అభిమానులు చాలామంది అప్పుడే దూరం జరిగారు. కొత్త ఆల్బమ్‌లో బ్లాక్ మెటల్ తరహా కీచు అరుపు పూర్తి బలంతో తిరిగొచ్చింది. నిర్మాత మాత్రం అప్పటి జస్టిన్ మెల్డల్ జాన్సనే. ఆ మెత్తటి ఆల్బమ్‌లో నేర్చిన పని ఇక్కడ కలిసొచ్చింది. గిటార్లు ఎంత దట్టంగా పేర్చినా ఏ పొరకా పొర విడిగా చెవికి తెలుస్తుంది. 12 ట్రాకులు, గంట దాటిన నిడివి. తొలిసారి వినేవారు 'హీథెన్'తో మొదలుపెట్టండి. మామూలు గొంతూ, అరుపూ రెండూ ఒకే పాటలో దొరుకుతాయి. తర్వాత 'మాగ్నోలియా'. ఆ రెండూ పట్టుబడ్డాక మొదటి నుంచి చివరిదాకా ఒకే కూర్చోడంలో వినండి. మధ్యలో 'ఇన్సిడెంటల్' పేరుతో మూడు చిన్న ముక్కలున్నాయి, వాటిని దాటేయొద్దు. వాటి దగ్గర చెవి సేదదీరకపోతే తర్వాతి పాట బరువు సగమే తెలుస్తుంది.

రెండోది స్టీవెన్ విల్సన్ 'ది ఓవర్‌వ్యూ' (మార్చి 14). ఇది మెటల్ కాదు, ప్రోగ్రెసివ్ రాక్ (పొడవాటి, మలుపులు తిరిగే పాటల రాక్). అయినా ఈ నెల జాబితాలో దీన్ని వదిలేయడం అన్యాయం. అంతరిక్షం నుంచి భూమిని చూసిన వ్యోమగాములకు మనసులో కలిగే మార్పే దీని వస్తువు. ఉన్నవి రెండే రెండు పాటలు. మొదటిది దాదాపు 23 నిమిషాలు, రెండోది 18 పైన. మొదటి పాటలోని ఒక భాగానికి ఎక్స్‌టీసీ బృందపు ఆండీ పార్ట్రిడ్జ్ సాహిత్యం రాశారు. వీధిలో జరిగే చిన్నాచితకా కష్టాలనూ, నక్షత్రాల్లో జరిగే పెద్ద సంఘటనలనూ పక్కపక్కన పెట్టిన తీరు చూడండి. ఈ నెల మొత్తంలో సాహిత్యపరంగా మాకు అన్నిటికన్నా నచ్చిన భాగం అదే.

మూడోది మన దేశానిది, ఢిల్లీ బృందం బ్లడీవుడ్ రెండో ఆల్బమ్ 'ను ఢిల్లీ' (మార్చి 21). ఎనిమిది పాటలు, అరగంటకు కాస్త పైన. 'హల్లా బోల్'తో మొదలుపెట్టి వరుసగా వినేయొచ్చు. జపాన్ బృందం బేబీమెటల్‌తో కలిసి చేసిన 'బేఖౌఫ్' ఇందులోనే ఉంది. 'తడ్కా' పాటైతే మన తిండి మీద ప్రేమతో కట్టింది. పోపు పెట్టే ఇంట్లో పుట్టినవారికి వేరే పరిచయం అక్కర్లేదు.

నాలుగోది ఒప్పుకుంటే కెనడా బృందం స్పిరిట్‌బాక్స్ 'సునామీ సీ' (మార్చి 7) చేర్చుకోండి.

ప్రశ్న: 'ను ఢిల్లీ' నా ఇయర్‌ఫోన్స్‌లో ముద్దముద్దగా వినిపిస్తోంది. ఢోల్ ఏదో, డ్రమ్స్ ఏవో తెలియడం లేదు. బాస్ బూస్ట్ పెట్టినా మారలేదు. (బీటెక్ విద్యార్థి, వరంగల్)

బాస్ బూస్ట్ పెట్టడం వల్లే ఆ ముద్ద. కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) ప్రధాన మోత సుమారుగా 60 నుంచి 100 హెర్ట్జ్ (సెకనుకు కంపనాలు) మధ్య ఉంటుంది. ఢోల్ లావు వైపు మోత కూడా దాని చుట్టుపక్కలే. కిందికి శ్రుతి చేసిన గిటార్ మీద అరచేయి ఆనించి కొట్టే దెబ్బలు 100 నుంచి 250 మధ్య గుమిగూడతాయి. మూడూ ఒకే గదిలో ఉన్నాయన్నమాట. బూస్ట్ ఆ గదినంతా ఒకేసారి పెంచుతుంది. ఎవరి గొంతు ఎవరిదో తెలియకుండా పోతుంది.

ముందు ఫోన్‌లో ఈక్వలైజర్‌ను (బాస్, ట్రెబుల్ పెంచే తగ్గించే సెట్టింగ్) ఫ్లాట్ చేయండి, అంటే అన్నీ సున్నా దగ్గర పెట్టండి. తర్వాత ఇయర్‌ఫోన్స్ కంపెనీ యాప్ తెరిచి అందులోని బాస్ మోడ్ కూడా ఆపండి. చాలామంది ఒకటి ఆపి రెండోది మర్చిపోతారు. ఇప్పుడు సౌండు పలచబడిందనిపిస్తే తప్పు ఈక్వలైజర్‌ది కాకపోవచ్చు, చెవిలో రబ్బరు బుడిపె సరిగ్గా కూర్చోకపోవడం కావచ్చు. అది వదులుగా ఉంటే బాస్ బయటికి పోతుంది. పోయిన బాస్ కోసం బూస్ట్ పెడతాం, అక్కడ మొదలవుతుంది గొడవ. పెట్టెలో వచ్చిన పెద్ద సైజు, చిన్న సైజు రెండూ మార్చి చూడండి. ఒక్కోసారి రెండు చెవులకు రెండు సైజులు కావాల్సి వస్తుంది.

ఇంకా ముద్దగానే ఉంటే 250 హెర్ట్జ్ దగ్గర 2, 3 డెసిబెల్స్ తగ్గించండి. పెంచే పని పెట్టుకోవద్దు. సరైందో కాదో తేల్చుకునే పరీక్ష ఒకటుంది. ఢోల్ దెబ్బ పడ్డాక దాని 'గుమ్' మనే తోక కిక్ దెబ్బల కింద సాగుతూ వినిపించాలి. సన్న వైపు పుల్ల దెబ్బ 'టక్' మని పైన విడిగా తేలాలి. తీన్‌మార్‌కు అలవాటైన చెవికి ఈ రెండు వైపుల తేడా పట్టుకోవడం కష్టం కాదు. ఒక మాట ఒప్పుకోవాలి: ఈ ఆల్బమ్‌లో అన్ని వాయిద్యాలనూ ముందుకు తోసి మిక్స్ చేశారు, వేణువు ఊపిరి తీసుకునే జాగా ఇంకొంచెం ఉంటే బాగుండేది. అది మీ ఇయర్‌ఫోన్స్ లోపం కాదు.

ప్రశ్న: 'ది ఓవర్‌వ్యూ'లో మొదటి పాట చివర రెండో పాట కలిసిపోతోంది. నెమ్మది భాగాల్లో కూడా ఏదో నొక్కినట్టుంది. ఆల్బమే అంతా? (పాఠకురాలు, విశాఖపట్నం)

ఆల్బమ్ అలా లేదు. మీ యాప్‌లో క్రాస్‌ఫేడ్ ఆన్‌లో ఉంది. ఒక పాట చివరి సెకన్ల మీద తర్వాతి పాటను ఎక్కించడం దాని పని. పార్టీ పాటలకు సరే, ఇరవై నిమిషాలు కట్టుకుంటూ వచ్చిన ముగింపును మాత్రం అది మింగేస్తుంది. స్పాటిఫై అయితే సెట్టింగ్స్‌లో ప్లేబ్యాక్‌కి వెళ్లి క్రాస్‌ఫేడ్‌ను సున్నా చేయండి, గ్యాప్‌లెస్ ఆన్ చేయండి, ఆటోమిక్స్ ఆపండి.

నొక్కినట్టుండటానికి కారణం వాల్యూమ్ నార్మలైజేషన్‌ను (పాటలన్నిటి వాల్యూమ్‌నూ ఒకే స్థాయికి తెచ్చే సెట్టింగ్) 'లౌడ్'లో పెట్టుకోవడం అయ్యుండొచ్చు. ఆ స్థాయిలో యాప్ నెమ్మదిగా రికార్డయిన పాటల్ని పైకి లేపుతుంది, పైకి లేచిన డ్రమ్ దెబ్బలు పగలకుండా లిమిటర్‌తో నొక్కుతుంది. గట్టిగా మాస్టర్ చేసిన మెటల్ ఆల్బమ్‌కు ఇది పెద్దగా తెలియదు. ఇలాంటి ఎత్తుపల్లాలున్న ఆల్బమ్‌కు బాగా తెలుస్తుంది. 'నార్మల్'కు మార్చండి, లేదా పూర్తిగా ఆపేసి వాల్యూమ్ మీరే పెంచుకోండి.

వినైల్ కొనే ఆలోచన ఉంటే ఈ నెల అందుకు తగిన ఆల్బమ్ ఇదే. ఒక్కో వైపు ఒక్కో పాట. ఒక వైపు 22, 23 నిమిషాలు దాటితే రికార్డు మీది గాడులు దగ్గర చేయాలి, సౌండు తగ్గించి కోయాలి. ఇది సరిగ్గా ఆ హద్దులో ఉంది. మన ఎండల్లో కొరియర్ డబ్బా వచ్చిన రోజే తెరిచి రికార్డును నిలువుగా పెట్టండి. పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేరిస్తే వంకర తిరుగుతుంది. పార్క్ చేసిన కారులో గంటసేపు వదిలేసినా అంతే.

ప్రశ్న: ఆర్చ్ ఎనిమీ కొత్త ఆల్బమ్ 'బ్లడ్ డైనాస్టీ' పాటలు గిటార్ మీద నేర్చుకోవాలని ఉంది. శ్రుతి దించితే తీగలు వదులై గిలగిల కొట్టుకుంటున్నాయి. నా గిటార్‌కు 9-42 తీగలున్నాయి (సన్న తీగ లావు 9, లావు తీగది 42; అంగుళంలో వెయ్యో వంతుల్లో). (ఉద్యోగి, హైదరాబాద్)

స్వీడన్ బృందం ఆర్చ్ ఎనిమీకి ఇది పన్నెండో ఆల్బమ్, మార్చి 28న వచ్చింది. కొత్త గిటారిస్ట్ జోయి కన్సెప్షన్‌తో మొదటిది. వాళ్లు ఎక్కువగా వాడేది సి స్టాండర్డ్ శ్రుతి: లావు తీగ నుంచి సి, ఎఫ్, ఎ షార్ప్, డి షార్ప్, జి, సి. అంటే మామూలు శ్రుతి కన్నా ప్రతి తీగా నాలుగు మెట్లు (అర స్వరాలు) కిందికి.

లెక్క చూడండి. తీగ బిగువు దాని కంపన వేగపు వర్గంతో (స్క్వేర్‌తో) మారుతుంది. నాలుగు మెట్లు దించితే పాత బిగువులో 63 శాతమే మిగులుతుంది. గిలగిల కొట్టుకోవడం అందుకే. అదే బిగువు తిరిగి రావాలంటే తీగ లావు 1.26 రెట్లు పెరగాలి. 9 కాస్తా 11.3 అవుతుంది, 42 కాస్తా 53 అవుతుంది. కాబట్టి 11-54 సెట్ కొనండి. చేతికి మీ పాత 9-42 లాగే తగులుతుంది. ఇంకాస్త గట్టిదనం కావాలంటే 12-60 దాకా వెళ్లొచ్చు, కానీ తీగను పక్కకు లాగి బెండ్లు చేసే వేళ్లకు శ్రమ.

బిగువు దాదాపు మారదు కాబట్టి 11-54తో నెక్ సాధారణంగా కదలదు. లావు తీగ అనగానే ట్రస్ రాడ్ (నెక్ వంపును సరిచేసే లోపలి కడ్డీ) తిప్పేయడం తొందరపాటు. తీగలు ఒక్కోటిగా మార్చండి. అన్నీ ఒకేసారి విప్పొద్దు. శ్రుతి చేసి ఒక రాత్రి అలాగే వదిలేయండి. మర్నాడు లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా, చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కి పట్టుకుని 7, 8 ఫ్రెట్ల దగ్గర సందు చూడండి. 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్లుంటే ముట్టుకోవద్దు. అంతకన్నా తేడా ఉంటేనే రాడ్‌ను పావు చుట్టు తిప్పి, కాసేపు ఆగి మళ్లీ చూడండి.

ఎక్కువమందికి దెబ్బ తగిలేది నట్ (నెక్ చివర తీగలు ఆనే గాడుల పట్టీ) దగ్గర. 42 కోసం కోసిన గాడిలో 54 పూర్తిగా దిగదు. పైన కూర్చుంటుంది. శ్రుతి చేస్తుంటే 'టింక్' మని ఒక్కసారిగా జారుతుంది, మొదటి ఫ్రెట్‌లో స్వరం పెరిగి పలుకుతుంది. ఈ గుర్తులు కనిపిస్తే గాడి వెడల్పు చేయించాలి. ఆకురాయి లేకుండా ఇంట్లో కత్తితో చెక్కొద్దు. లోతు ఎక్కువైతే నట్టే మార్చాలి.

తర్వాత ఇంటొనేషన్, అంటే నెక్ పొడవునా స్వరం సరిగ్గా పలకడం. 12వ ఫ్రెట్ మీద హార్మోనిక్ మీటండి, అదే చోట నొక్కి మీటండి, ట్యూనర్‌లో రెండూ పోల్చండి. నొక్కినప్పుడు స్వరం ఎక్కువుంటే శాడిల్‌ను (బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్క) వెనక్కి జరపండి, తక్కువుంటే ముందుకు. లావు తీగలకు సాధారణంగా వెనక్కే జరపాల్సి వస్తుంది. తేలే బ్రిడ్జ్ ఉన్న గిటార్ అయితే అది చెక్కకు సమాంతరంగా ఉందో లేదో చూసుకుని, వెనక స్ప్రింగుల స్క్రూలతో సరిచేయండి.

చివరగా ఆంప్. గెయిన్ మీరనుకున్న దాంట్లో సగానికి తగ్గించండి, బాస్ కూడా కొంచెం. రిఫ్‌లో (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరుస) రెండు దెబ్బల మధ్య నిశ్శబ్దం వినిపిస్తేనే అది రిఫ్. ముందు అసలు వేగంలో 60 శాతం దగ్గర మెట్రోనోమ్‌తో మొదలుపెట్టండి. వరుసగా మూడుసార్లు తప్పులేకుండా వస్తేనే 5 శాతం పెంచండి.

ప్రశ్న: గ్రౌల్ (మెటల్‌లో కరకరలాడే లోతు గొంతు) నేర్చుకుంటున్నాను. పావుగంటకే గొంతు మండుతోంది. అలవాటైతే తగ్గుతుందంటున్నారు, నిజమేనా? (డిగ్రీ విద్యార్థి, తిరుపతి)

నిజం కాదు. మంటను ఓర్చుకోవడం అభ్యాసం కాదు, ఆ మంటే మీరు తప్పుచోట బలం పెడుతున్నారని చెప్తోంది. స్వరతంత్రుల్ని గట్టిగా ఒత్తి అరిస్తే మండుతుంది. గ్రౌల్‌లో కరకర పుట్టేది వాటికి పైనున్న మడతల్లో. బరువైన మూట దించి 'హా...' అని నిట్టూరుస్తాం చూడండి, అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఆ నిట్టూర్పును తగ్గు గొంతులో, గుసగుస స్థాయిలో సాగదీస్తే మెల్లగా కరకర పలుకుతుంది. గాలి కడుపు నుంచి నిదానంగా రావాలి. గొంతు, దవడ వదులుగా ఉండాలి.

మొదటి నెల రోజుకు 10 నిమిషాలు చాలు. గట్టిదనం మైక్ చూసుకుంటుంది, మీరు తేవద్దు. మైక్ తలకాయను గుప్పిట్లో మూసి పట్టుకుంటే గొంతు లావుగా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది, మాటలు మాత్రం ముద్దవుతాయి, హాల్లో ఫీడ్‌బ్యాక్ (స్పీకర్ల కూత) లేస్తుంది. గొంతులో గిలి, మంట ఏది వచ్చినా ఆరోజుకి ఆపేయండి. బొంగురు రెండు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి.

ప్రశ్న: మెటల్‌లో తెలుగు నేల బృందాలు లేవా? (పాఠకుడు, డాలస్)

ఉన్నాయి. హైదరాబాద్ మూలాలున్న డెత్ మెటల్ బృందం గాడ్‌లెస్ 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' 2021లో వచ్చింది. అక్కడి నుంచి మొదలుపెట్టండి.

ప్రశ్న: మా అబ్బాయి రోజూ మూడు నాలుగు గంటలు హెడ్‌ఫోన్స్‌లో ఈ సంగీతమే వింటాడు. చెవులు పాడవుతాయని భయం. ఈ సంగీతమే మాన్పించాలా? (తల్లి, రాజమహేంద్రవరం)

సంగీతం మాన్పించక్కర్లేదమ్మా. చెవికి మెటలా, కీర్తనా అన్న తేడా లేదు. ఎంత గట్టిగా, ఎంతసేపు అన్నదే లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు వారానికి 40 గంటలు, పెద్దలకు 80 డెసిబెల్స్ దగ్గర, పిల్లలకు 75 దగ్గర. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది. పెద్దలకైతే 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10, 89 దగ్గర 5. మీ అబ్బాయి వారానికి 28 గంటల దాకా వింటున్నాడు కాబట్టి పెద్దవాడైతే 80, చిన్నపిల్లవాడైతే 75 దాటకుండా చూసుకుంటే హద్దులోనే ఉంటాడు. చాలా ఫోన్లలో హెడ్‌ఫోన్స్‌కు వాల్యూమ్ హద్దు పెట్టే సెట్టింగ్ ఉంది, ఇద్దరూ కలిసి పెట్టుకోండి. ఫ్యాను, బస్సు మోతల మీద గెలవడానికే పిల్లలు వాల్యూమ్ పెంచుతారు. చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్ అయితే తక్కువలోనే అన్నీ వినిపిస్తాయి. విన్న తర్వాత చెవుల్లో 'గుయ్' మని మోగుతోందంటే ఆరోజు హద్దు దాటినట్టే. మర్నాడు చెవులకు పూర్తి విశ్రాంతి ఇప్పించండి. మోత మర్నాటికీ తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.