ఎఫ్‌డీలు ఖాళీ చేసి బండి, చీటీ పాడి ముస్తాబు

"నా వయసు 36. పరవాడలో ఫార్మా కంపెనీలో ఉద్యోగం. చేతికి నెలకు 85,000 వస్తుంది. ఇంటి ఖర్చు 48,000, చీటీకి 20,000 పోతుంది. భార్య, ఆరేళ్ల పాప, అమ్మ నా మీదే ఆధారం. ఈ మధ్యే ఎఫ్‌డీలన్నీ తీసేసి, పైసా అప్పు లేకుండా 6.5 లక్షలకు 2017 మోడల్ ఇసుజు వీ-క్రాస్ పికప్ కొన్నాను. మన శ్రీసిటీలో తయారైన బండి. లక్షా ముప్పై వేల కిలోమీటర్లు తిరిగింది. డిసెంబరు కల్లా క్యాంపింగ్‌కి తయారు చేసుకుని లంబసింగి, వనజంగి, మారేడుమిల్లి తిరగాలని కోరిక. రూఫ్ టెంట్ 1.25 లక్షలు, ఆల్ టెర్రైన్ టైర్లు ఐదు 90,000, సస్పెన్షన్ లిఫ్ట్ 80,000, ముందు ఇనుప బంపర్, వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం) కలిపి 85,000, లైట్లు, అదనపు బ్యాటరీ, చిన్న ఫ్రిజ్ 70,000. మొత్తం 4.5 లక్షలు. షెడ్డులో 10,000 అడ్వాన్స్ ఇచ్చాను. 25 నెలల 5 లక్షల చీటీలో తొమ్మిది వాయిదాలు కట్టాను. 1.2 లక్షలకు పాడితే 3.8 లక్షలు వస్తాయి, మిగతా 70,000 క్రెడిట్ కార్డు ఈఎంఐలో పెట్టొచ్చు. లేదా బ్యాంకు యాప్ 15 శాతం వడ్డీకి మూడేళ్ల పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. ఏది మేలు? ఖాతాలో 55,000 ఉంది. కంపెనీ ఇచ్చిన 3 లక్షల ఆరోగ్య బీమా తప్ప ఇంకే పాలసీ లేదు."
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

రెండూ వద్దు. మీ ఉత్తరాన్ని ఎంచుకున్నది ఈ రెండు అప్పుల్ని పోల్చి చెప్పడానికి కాదు. అందులో మీరు గర్వంగా రాసిన 'పైసా అప్పు లేకుండా' అన్న మాట కోసం. ఈ మాట నేను వారానికి ఒక్కసారైనా వింటాను. ఎఫ్‌డీలన్నీ ఊడ్చి బండి కొన్న రోజున మీరు అప్పు తప్పించుకోలేదు, కొన్ని నెలలు వాయిదా వేశారంతే. ఇంకా ఏ ఆపదా రాకముందే, కేవలం ముస్తాబు కోసం ఆ అప్పు గుమ్మం ముందుకు వచ్చి నిలబడింది. రేపు అమ్మగారికి ఆస్పత్రి ఖర్చు వస్తే ఏం చేస్తారు? మళ్లీ ఆ యాప్ తెరుస్తారు.

లెక్క చూడండి. 4.5 లక్షల లోన్‌కి 15 శాతం వడ్డీతో ఈఎంఐ సుమారు 15,600. ఖర్చులు, చీటీ పోగా మీకు మిగిలేది 17,000. అంటే చేతిలో 1,400 ఉంటుంది. దాంతో లంబసింగి వెళ్లి రావడానికి డీజిల్ కూడా రాదు! మూడేళ్లలో కట్టే వడ్డీ 1.1 లక్షల పైమాట. చీటీ పాడినా పోయేది 1.2 లక్షలు. ఆ పైన మరో పదహారు వాయిదాలు కట్టాలి, కార్డు ఈఎంఐ వేరే. కార్డు వాళ్లు వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కూడా వేస్తారు. ఏ దారిన వెళ్లినా లక్షకు పైగా గాలికి పోతుంది. పైగా పాత బండికి తగిలించిన సామాన్లకు అమ్మేటప్పుడు ఎవరూ విలువ కట్టరు.

మీ ఇంటికి నెలకు 68,000 కావాలి. ఉద్యోగం పోయినా చీటీ వాయిదా ఆగదు కాబట్టి దాన్నీ కలిపాను. అత్యవసర నిధిగా ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలంటే 4,08,000. మీ దగ్గరున్నది 55,000, ఒక్క నెలకు కూడా సరిపోదు. దీనికి తోడు లక్షా ముప్పై వేలు తిరిగిన డీజిల్ బండి. నాకూ ఒకప్పుడు పాత జీపు ఉండేది. మారేడుమిల్లి ఘాట్‌లో క్లచ్ ప్లేట్ పోతే రంపచోడవరం దాకా తాడు కట్టి లాగించుకున్నాను. ఆ రోజు జేబులో డబ్బుంది కాబట్టి ఇప్పుడది సరదా కబురు. మీ బండికి క్లచ్, ఇంజెక్టర్లు, టర్బో, వెనక కమాన్ పట్టీలు, ఏది ఎప్పుడు అడుగుతుందో తెలియదు. అందుకని ఇంటి నిధి కాక, బండి పేరున విడిగా ఒక 75,000 ఉండాలి.

ఆ చీటీని పాడకండి. మంచి కంపెనీదైతే చివరిదాకా ఉంచండి. ఆఖరి నెలలో కమీషన్ పోగా దాదాపు మొత్తం చేతికొస్తుంది. అదే మీ అత్యవసర నిధి. ఈలోగా మిగిలే 17,000లో బీమా ప్రీమియంలకు 5,000 పక్కన పెట్టి, 12,000 విడి ఖాతాలో వేయండి. ఏడాదికి ఇప్పుడున్న దానితో కలిపి 2 లక్షలు, అంటే మూడు నెలల ఖర్చు చేరుతుంది. అప్పటిదాకా ముస్తాబు జోలికి వెళ్లొద్దు.

బీమా గురించి పెద్దగా చెప్పను. కోటి రూపాయలకు తగ్గకుండా టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) ఈ నెలలోనే తీసుకోండి. కుటుంబానికి 10 లక్షల ఆరోగ్య బీమా, అమ్మగారికి విడిగా ఇంకొకటి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు.

బండి బీమా సంగతి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే షెడ్డు వాళ్లు ఇది చెప్పరు. తయారీదారు నిర్దేశించిన దానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలోనే స్పష్టం చేసింది. మోటారు వాహనాల చట్టంలో 182ఎ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ముందు ఇనుప బంపర్ల మీద చర్య తీసుకోమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. జరిమానా సరే, అసలు దెబ్బ క్లెయిమ్ దగ్గర తగులుతుంది. ప్రమాదం తర్వాత సర్వేయర్ వచ్చి, ఆర్‌సీలో లేని మార్పులు చూసి పేచీ పెడితే మీ 6.5 లక్షలూ చిక్కులో పడతాయి. లైట్లు, ఫ్రిజ్ లాంటివి పాలసీలో చూపించి అదనపు ప్రీమియం కట్టాలి, సాధారణంగా వాటి విలువలో 4 శాతం. చూపించకపోతే బండి మొత్తం పోయినా చేతికొచ్చేది ఐడీవీ, అంటే పాలసీలో రాసిన బండి విలువ మాత్రమే. వాగు దాటుతుంటే ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్లాయనుకోండి, మామూలు పాలసీ పైసా ఇవ్వదు. ఇలాంటి నష్టానికి విడిగా తీసుకునే 'ఇంజిన్ ప్రొటెక్ట్' రక్షణ ఇంత పాత బండికి దొరకడమూ కష్టమే.

మరి డిసెంబరు మాటేమిటంటారా? వెళ్లండి. మీరనుకున్న దారులకు ఫోర్ బై ఫోర్ ఉన్న ఈ బండి ఎత్తు పెంచకుండానే చాలు. ముందు నమ్మకమైన మెకానిక్ చేత బ్రేకులు, క్లచ్, రేడియేటర్ గొట్టాలు చూపించండి. రూఫ్ టెంట్ ఒక్కటే యాభై, అరవై కిలోలుంటుంది. దాని బదులు నేల మీద వేసుకునే టెంట్ ఆరేడు వేలలో వస్తుంది. వెనక తొట్టిలో పరుపేసి పైన పట్టా కడితే పాప ఎగిరి గంతేస్తుంది. లాగడానికి గట్టి తాడు, గాలి కొట్టే చిన్న పంపు, పంక్చర్ కిట్, ఫస్ట్ ఎయిడ్ పెట్టె కొనండి. మొత్తం 15,000 దాటదు. టైర్లు అరిగిపోయి ఉంటే మాత్రం మార్చండి, అది ముస్తాబు కాదు, భద్రత. కంపెనీ సైజులోనే తీసుకోండి.

రేపే షెడ్డుకు వెళ్లి ఆ 10,000 వెనక్కి అడగండి. ఇవ్వబోమంటే బంపర్ ఆర్డర్ రద్దు చేయించి, ఆ డబ్బుని బ్రేకులు, క్లచ్ పనికి సర్దమనండి.