ఇల్లు అమ్మే ముందు రంగు డబ్బా పక్కన పెట్టండి

ప్రశ్న: పాలకొల్లులో మా డాబా ఇల్లు బేరానికి పెట్టాం. కట్టి పాతికేళ్లు దాటింది. బయానా ఇచ్చే ముందు సివిల్ ఇంజనీరును తెచ్చి చూపించుకుంటామని కొనేవాళ్లు అంటున్నారు. హాల్లోనూ పడగ్గదిలోనూ గోడలు మూడడుగుల దాకా చెమ్మెక్కి ఉన్నాయి. ఈలోగా పుట్టీ పెట్టించి రంగులు వేయించెయ్యమని మా బావగారి సలహా. వేయించమంటారా?

జవాబు: వద్దండి. డెల్టాలో తిరిగిన ఇంజనీరు ఇంట్లో అడుగు పెట్టగానే చూసేది గోడల కింది భాగమే. అక్కడ కొత్త రంగు కనిపిస్తే మిగతా ఇల్లంతా అనుమానంగానే చూస్తాడు. పైగా తడిగోడ మీద పెట్టిన పుట్టీ కొద్ది వారాలకే పొంగి, ఉప్పు పూసి రాలిపోతుంది.

ముందు ఆ చెమ్మ ఎక్కడిదో తేల్చుకోండి. నేలలోంచి ఎగబాకే చెమ్మ సాధారణంగా మూడు నాలుగు అడుగులు దాటదు. గది పొడుగునా ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంటుంది, పై అంచున తెల్లటి ఉప్పుపొడి చేతికి అంటుతుంది. అలా కాక ఎక్కడో ఒక్కచోట, బాత్‌రూమ్ గోడకి అవతలి పక్క మరక ఉంటే పైపు కారుతోందేమో చూడాలి. రాత్రి ట్యాంకు నింపి, కుళాయిలతో పాటు ఫ్లష్ ట్యాంకుల వాల్వులు కూడా కట్టేసి, కర్ర ముంచి నీటిమట్టం కొలిచి పెట్టుకోండి. తెల్లారేసరికి మట్టం తగ్గితే లీకు ఉన్నట్టే. మూడో పరీక్ష ఇంకా తేలిక. అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు పక్కలా టేపుతో గోడకి అంటించి 24 గంటలు వదిలెయ్యండి. గోడవైపు చెమరిస్తే తడి గోడలోనే ఉంది. గదివైపు చెమరిస్తే అది గాలిలోని తేమ, కిటికీలు తెరిస్తే చాలు.

లీకయితే ఇప్పుడే బాగు చేయించండి. నేలచెమ్మ సంగతి వేరు. దాని అసలు వైద్యం గోడ అడుగున నీటిని అడ్డే రసాయనం ఎక్కించడం. నేలకు ఆరంగుళాల ఎత్తున, ఇటుకల మధ్య సిమెంటు వరసలో, నాలుగైదు అంగుళాలకొక 12 మి.మీ. రంధ్రం వేస్తారు. తొమ్మిదంగుళాల గోడకైతే లోతు ఏడున్నర అంగుళాలు. పాడైన ప్లాస్టరింగును చెమ్మ గీతకు పైన ఇంకో అడుగు దాకా కొట్టేసి, బస్తా సిమెంటుకు 200 మి.లీ. వాటర్‌ప్రూఫింగ్ ద్రవం కలిపి కొత్తగా పూస్తారు. చిక్కల్లా గోడ ఆరడంతోనే. అంగుళం మందానికి నెల అని లెక్క, అంటే మీ గోడకు తొమ్మిది నెలలు. బేరం అన్నాళ్లు ఆగదు కదా! ఇద్దరు కాంట్రాక్టర్ల చేత ఖర్చు అంచనా రాయించి, ఆ కాగితం మీరే ముందు బయటపెట్టి ధరలో సర్దుకోండి. వాళ్లు ఊహించుకుని తగ్గించే మొత్తం కన్నా అది తక్కువే ఉంటుంది.

వేసవిలో కాలువలు కట్టేశాక నేలలో నీళ్లు దిగి గోడలు కాస్త పొడిగా కనిపిస్తాయి, అప్పుడే చూపించేద్దామనుకునే తెలివిపరులూ ఉన్నారు. ఉప్పు గీత మాత్రం వేసవిలోనూ చెరగదు.

ప్రశ్న: అమలాపురం దగ్గర మా ఇంటి వంటగది శ్లాబు పెచ్చులూడి ఊచలు బయటపడ్డాయి. సిమెంటు పూసేస్తే సరిపోతుందని మేస్త్రి అంటున్నాడు. గోడలకు బీటలు కూడా ఉన్నాయి.

జవాబు: సరిపోదు. తుప్పు పట్టిన ఊచ లావెక్కి కాంక్రీటును నెట్టేస్తుంది. పైపూత కూడా అలాగే ఊడుతుంది. శ్లాబునంతా సుత్తితో తట్టి చూడండి, డొల్లమోత వచ్చినంత మేరా కొట్టించాలి. ఊచ వెనకపక్క కూడా ఇనప బ్రష్షుతో తుప్పు గీకి, తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ రసాయనం కలిపిన సిమెంటు మోర్టార్‌ను పొరలు పొరలుగా పెట్టాలి. ఊచ బాగా సన్నబడితే పక్కన కొత్తది కట్టాలా అన్నది ఇంజనీరే చెప్పాలి, మేస్త్రి కాదు. కొట్టినప్పుడు, పూత వేసినప్పుడు ఫోన్‌లో ఫొటోలు తీసి ఉంచండి. మూసేశాక లోపల ఏం చేశారో చూపడానికి అవే ఆధారం.

డాబా మీద నీళ్లు కట్టి పరీక్షించడం మంచిదే. గొట్టాలు మూసి రెండంగుళాల నీళ్లు 24 గంటలు నిలపాలి. ఆ నీళ్లు చదరపు మీటరుకు 50 కిలోల బరువు, కాబట్టి ఊచలు తేలిన గది మీద మాత్రం రిపేరు అయ్యేదాకా ఆ పని పెట్టుకోకండి.

బీటల విషయానికొస్తే, మన బంకమట్టి ఎండకు కుంచించుకుని వానకు ఉబ్బుతుంది. వెంట్రుకవాసి బీటలకు కంగారు పడక్కర్లేదు. కిటికీ మూలనుంచి ఏటవాలుగా పోయి, ఒక కొస వెడల్పుగా ఉన్నదాన్ని పట్టించుకోవాలి. రెండు కొసల్లో పెన్సిలు గీత గీసి తేదీ వెయ్యండి, పెరుగుతోందో లేదో తెలుస్తుంది. పిట్టగోడలో రావిమొక్క ఉంటే పైన కోస్తే లాభం లేదు, వేరుతో సహా తీయించి కన్నం పూడ్పించండి.

ప్రశ్న: రాజోలులో తాతల నాటి పెంకుటిల్లు అమ్ముతున్నాం. ఏం చూస్తారు?

జవాబు: కర్ర. దూలాలు, వాసాలు గోడలో దిగే కొసల దగ్గర స్క్రూడ్రైవరుతో గుచ్చి చూస్తారు, మెత్తగా దిగితే పుచ్చినట్టే. ముందు మీరే గుచ్చి చూసుకోండి. గోడల మీద చెదల మట్టి గీతలు తుడిచెయ్యడం వల్ల ఉపయోగం లేదు. గోడ, నేల కలిసేచోట అడుగుకొక 12 మి.మీ. రంధ్రం వేయించి చెదల మందు పోయించండి. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం మందయితే లీటరు నీటికి 2.1 మి.లీ. నుయ్యి పక్క గోడకు వద్దు. బిల్లు, గ్యారంటీ కాగితం దాచండి.

ప్రశ్న: ఇంట్లోకి ఒకసారి వరదనీరు వచ్చింది. అడక్కపోయినా చెప్పాలా?

జవాబు: చెప్పండి. మామూలు జాగ్రత్తతో కొనేవారి కంటపడని ముఖ్యమైన లోపం మీకు తెలిసుంటే చెప్పి తీరాలని 1882 ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షన్ అంటోంది. వరద సంగతి ఆ కోవలోకి వస్తుందా రాదా అని వాదించుకునే కన్నా, నీరు ఎంత ఎత్తు వచ్చిందో గోడమీదే చూపించడం మేలు. లంక గ్రామాల్లో 1986, 2022 వరదల గురించి పక్కింటివాళ్లు ఎలాగూ చెబుతారు.

చూడ్డానికి వచ్చే రోజుకి బీరువాలు గోడకి అడుగు ఎడంగా జరపండి, డాబాకి నిచ్చెన, మీటరు బోర్డు తాళం, సెప్టిక్ ట్యాంకు మూత తీసే మనిషి సిద్ధంగా ఉండాలి. కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కితే కరెంటు పోవాలి, పోకపోతే మార్పించండి. లింకు దస్తావేజులు, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే ధ్రువపత్రం), ప్లాను, ఇంటిపన్ను రసీదులు ఒకే ఫైల్లో పెట్టుకోండి. వేరే ఒప్పందం లేకపోతే, అమ్మకం జరిగే తేదీ వరకు ఇంటిపన్ను బకాయిలు కట్టాల్సింది మీరే.