పుట్టగానే హెపటైటిస్-బి టీకా వేస్తున్నప్పుడు యాంటీబాడీ ఇంజెక్షన్ కూడా ఎందుకు?

తల్లికి హెపటైటిస్-బి ఉంటే, టీకా పనిచేయడం మొదలయ్యేలోపు బిడ్డను కాపాడటానికే ఇమ్యునోగ్లోబులిన్ అనే ఈ యాంటీబాడీ ఇంజెక్షన్ ఇస్తారు. టీకా వేశాక శరీరం సొంతంగా యాంటీబాడీలు తయారుచేసుకోవడానికి వారాలు పడుతుంది. వైరస్ మాత్రం ప్రసవ సమయంలోనే తల్లి రక్తం ద్వారా బిడ్డకు చేరగలదు. ఇమ్యునోగ్లోబులిన్‌లో దాతల ప్లాస్మా నుంచి తీసిన యాంటీబాడీలు సిద్ధంగా ఉంటాయి. అందుకే పుట్టిన 12 గంటల్లోపు రెండింటినీ వేర్వేరు తొడలకు ఇవ్వాలి. ఇందులో ఆలస్యం చేయకూడదు.

దీన్ని బలంగా నిరూపించినవి 1980ల తొలినాళ్లలో తైవాన్‌లో జరిగిన పరీక్షలు. వైరస్ ఉధృతంగా ఉన్న తల్లుల బిడ్డల్లో, ఏ రక్షణా లేకపోతే, సుమారు 90 శాతం మందిలో ఇన్ఫెక్షన్ దీర్ఘకాలం నిలిచిపోతుంది. యాంటీబాడీలు మాత్రమే ఇచ్చినా ఆ ముప్పు బాగా తగ్గింది. టీకా తోడయ్యాక అతి కొద్దిమందికే పరిమితమైంది.

ఈ ఇంజెక్షన్ పడితే ఇక టీకా అక్కర్లేదని చాలామంది అనుకుంటారు. అది ప్రమాదకరమైన అపోహ. బయటి నుంచి ఇచ్చిన యాంటీబాడీలు కొన్ని నెలల్లో కరిగిపోతాయి. దీర్ఘకాల రక్షణ టీకాదే. మన దేశంలో 6, 10, 14 వారాలకు ఇచ్చే మిగతా డోసులు తప్పక వేయించాలి.