చలి చెరువులో కోడలి ఈత

ప్రశ్న: లండన్‌లో ఉన్న మా కోడలు డిసెంబరులో కూడా ఆదివారం పొద్దున్నే చెరువులో ఈదుతోంది. ఫోటో పంపింది: నెత్తిన ఉన్ని టోపీ, మెడదాకా నీళ్ళు! వద్దంటే నవ్వుతుంది. అందులో ఏముందండీ? ప్రమాదం కాదా?
– ఒక అత్తగారు, తెనాలి

జవాబు: అత్తగారూ, ముప్ఫయ్యేళ్ళు డ్రిల్లు టీచరుగా చేసిన నన్నే ఆ నీళ్ళు ఏడిపించాయి. మా అమ్మాయి పురిటికి వెళ్ళినప్పుడు పక్కింటావిడ లండన్‌లోని హాంప్‌స్టెడ్ హీత్ అనే పెద్ద పార్కులో ఆడవాళ్ళ చెరువుకి తీసుకెళ్ళింది. 1925 నుంచీ అది ఆడవాళ్ళకే. ఆ రోజు బోర్డు మీద నీళ్ళ ఉష్ణోగ్రత 6 డిగ్రీలని రాసుంది. అంటే ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ళే అనుకోండి.

బెండు కట్టుకుని మోటబావిలో ఈత నేర్చినదాన్ని, నాకేంటి అనుకున్నాను. నిచ్చెన మూడో మెట్టుకే మోకాళ్ళు నావి కాకుండా పోయాయి. నడుం మునగ్గానే ఊపిరి దానంతటదే ఎగబీల్చుకుంది. చర్మం ఒక్కసారిగా చల్లబడితే ఎవరికైనా అంతే. రెండు మూడు నిమిషాల్లో సర్దుకుంటుంది. ఆ సమయంలో తల నీళ్ళలో ఉంటే మాత్రం ఊపిరితోపాటు నీళ్ళు పీల్చేస్తాం. అందుకే దూకకూడదు. నేను నిచ్చెన పట్టుకుని ‘హూ హూ’ అని ఊదుకుంటుంటే ఓ బాతు పక్కనుంచే పోయింది, నన్ను లెక్కే చెయ్యలేదు.

ఏముందన్నారు కదా. ఆ కాసేపు అమ్మాయి పురుడు, ఇక్కడి ఇంటి తాళం, వీసా గడువు ఒక్కటీ గుర్తురాలేదు. గట్టెక్కాక ఒళ్ళంతా కారం రాసినట్టు మంట, దాంతోపాటే పిచ్చి ఆనందం. కార్తీకంలో తెల్లారుజామున కాలవలో మునిగి, వణుకుతూ దీపం వదిలాక వచ్చే తేలిక మీకూ తెలిసే ఉంటుంది. కాకపోతే మన నీళ్ళు ఎంత చల్లబడ్డా అంతకు దిగవు, మనమూ మూడు మునకలతో సరిపెడతాం.

ప్రమాదం ఉంది. గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్ళను నేనైతే వద్దనే అంటాను. మిగతావాళ్ళు ఎండాకాలంలో మొదలుపెట్టి వారం వారం అలవాటు చేసుకోవాలి, నాలా డిసెంబరులో కాదు. కోడలు ఒంటరిగా వెళ్తోందా, లైఫ్‌గార్డు ఉన్నచోటే దిగుతోందా అని అడగండి. ‘ఇప్పుడు హాయిగా ఉంది’ అనిపించేదాకా ఉండకూడదు. వేళ్ళు బిగుసుకుపోతే నిచ్చెన పట్టు చిక్కదు. పైకొచ్చాక కూడా ఒంట్లో వేడి కాసేపు దిగుతూనే ఉంటుంది. అసలు వణుకు అప్పుడే. వెంటనే వేణ్ణీళ్ళు పోసుకోకుండా, తడిబట్టలు విప్పి పొడివి వేసుకోవాలి. నా స్వెట్టరు బొత్తాలు పక్కింటావిడే పెట్టింది.

ఫ్లాస్కులో అల్లం టీ పట్టుకెళ్తోందో లేదో కూడా కనుక్కోండి. నేను పట్టుకెళ్ళలేదు.